హాలె పట్టణంలో తెలుగు అచ్చు

తెలుగు పుస్తకాలు మొట్టమొదట ఎక్కడ అచ్చయ్యాయి? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు చెన్నపట్నం అంటారు, బందరు అంటారు. ఒకరిద్దరు శ్రీరాంపూరు అని కూడా అంటారు. మనకు తెలిసినంతలో సరైన జవాబు జర్మనీలోని హాలె. ఏడాది 1746.

మా మరిది లైప్జిగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవుల్లో మావారు, నేను, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి అక్కడికి వెళ్ళినప్పుడు రెండు రోజులు హాలెకు కేటాయించుకున్నాం. రైలులో అరగంట దూరం. సాలె నది ఒడ్డున ఉప్పు వండి బతికిన పాత ఊరు అది. సంతచౌకులో అయిదు గోపురాలు కనిపిస్తాయి. నాలుగు చర్చివి, ఒకటి విడిగా నిలబడ్డ ఎర్ర గోపురం. 1685లో సంగీతకారుడు హాండెల్ పుట్టింది ఈ ఊళ్ళోనే. మావారు ఆ ఇంటి నుంచి ఓ పట్టాన కదలలేదు. మార్గశిరంలో ఒక్క కచేరీ వదలని మైలాపూరు మనిషి మరి!

నా మనసంతా ఫ్రాంకె సంస్థల మీద ఉంది. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే మతబోధకుడు అనాథ పిల్లల కోసం కట్టించిన పెద్ద భవనానికి 1698లో పునాది పడింది. దాని చుట్టూ బడులు, మందుల తయారీ, అచ్చుకూటం, పుస్తకాల అంగడి పెరిగాయి. తూర్పు జర్మనీ రోజుల్లో దాని ముందు నుంచే ఎత్తయిన వంతెన రోడ్డు వేశారు, భవనాలు శిథిలమయ్యాయి. 1990 తర్వాత బాగుచేశారు. భవనం నెత్తిమీద సూర్యుడి వైపు ఎగిరే రెండు గద్దలు ఇప్పటికీ ఉన్నాయి. వెనుక గ్రంథాలయం. నాటకశాలలో పక్క తెరల్లాగా బీరువాలు వరసగా ముందుకు పొడుచుకువచ్చి ఉంటాయి. దాని నిర్మాణం 1728లో పూర్తయింది.

అదే 1728లో, ఇక్కడ మన చెన్నపట్నంలో, బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1719లో తరంగంబాడిలో దిగి, 1726లో మద్రాసు వచ్చాడు. అప్పటి నల్లవారి పట్నంలో వర్తకులు, దుబాసీలు ఎందరో తెలుగువాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు మనల్ని జెంటూలు అనేవారు. తెలుగు రాకపోతే ఆ వీధుల్లో పని జరగదని ఆయనకు త్వరగానే అర్థమైనట్టుంది. బైబిలంతా తెలుగు చేశాడు కానీ అది అచ్చుకు నోచుకోలేదు. 1743లో మద్రాసు వదిలి, హాలె చేరి, అక్కడ తెలుగు అక్షరాలు పోత పోయించి 1746, 47లలో చిన్న చిన్న మతగ్రంథాలు అచ్చు వేయించాడు.

ఆ అచ్చు పుటలు మేమూ చూశాం. మా అబ్బాయికి బడిలో తెలుగు లేదు, ఇంట్లో నేను నేర్పిందే. కూడబలుక్కుంటూ ఒక వరస చదివి, "ఇవి ఇక్కడ ఎవరు చదివారమ్మా?" అన్నాడు.

మంచి ప్రశ్నే. గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే మన లిపికి ఎన్ని అచ్చులు కావాలో లెక్క వేసుకోండి. ఒక్కొక్కటి ఉక్కు మీద చెక్కి, రాగిలో ముద్ర దింపి, సీసం పోయాలి. ఆ శ్రమంతా పడింది తెలుగు చదివేవాళ్ళు లేని ఊళ్ళో. చదవగలిగినవాళ్ళు ఓడ మీద నెలల దూరంలో ఉన్నారు. పైగా ఆ 1746 సెప్టెంబరులోనే ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకున్నారు. 1749లో ఇంగ్లీషువాళ్ళకు తిరిగి దక్కింది గానీ, ఆ ఏళ్ళ యుద్ధాల్లో కోట పక్కనున్న పాత నల్లవారి పట్నం నేలమట్టమైంది. ఇప్పుడు అక్కడ హైకోర్టు ఉంది. షుల్జ్ తెలుగు విన్న వీధి ఒక్కటీ మిగలలేదు.

ఆయన వచ్చింది మతప్రచారానికి. ఆ సంగతి దాచనక్కరలేదు. అయినా నాకు విలువైనదిగా తోచే పుస్తకం వేరే ఉంది. 1750లో హాలెలోనే మద్రాసు పట్నం గురించి సంభాషణల రూపంలో ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చు వేశాడు. అవి మొదట జెంటూ భాషలో, అంటే తెలుగులో, రాసుకున్నవని ముఖపత్రం మీదే చెప్పుకున్నాడు. మన పండితులు ఎక్కువగా పద్యమే రాసే రోజుల్లో, ఊరి సంగతులు మాటల్లో రాయాలని ఒక పరదేశికి తోచింది. ఊరు పోయింది, మాటలు మిగిలాయి.

వ్యాకరణం సంగతి ఇంకా చిత్రం. క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం మద్రాసులో 1816లో అచ్చయింది. షుల్జ్ రాసింది రాతప్రతిగానే ఉండిపోయింది. చెన్నపట్నంలో రాసిన 256 ఏళ్ళకు, 1984లో, దాన్ని హాలె విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది.