సొలారిస్: ఒక నవల, రెండు సినిమాలు

ఎమ్మెస్ చదివే రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ఒక రష్యన్ డీవీడీ పట్టుకొచ్చాను. రెండు గంటల నలభై ఐదు నిమిషాల సినిమా. అందులో ఒకచోట కారు సొరంగాల్లోంచి, ఫ్లైఓవర్ల మీంచి నిమిషాల తరబడి పోతూనే ఉంటుంది, మాటల్లేవు. (అవి టోక్యో రోడ్లని తర్వాత తెలిసింది.) "ఒరే, ఇది సినిమానా, ట్రాఫిక్ కెమెరానా?" అంటూ మా రూమ్మేట్లు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చివరిదాకా కూర్చున్నది నేనొక్కణ్ణే. అదీ అర్థమై కాదు. నవల చదివాక గానీ ఆ సినిమా ఏం చేసిందో, ఏం చెయ్యనన్నదో నాకు తెలియలేదు.

పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ 'సొలారిస్' నవలని 1961లో ప్రచురించాడు. రెండు సూర్యుల చుట్టూ తిరిగే ఒక గ్రహం. దాన్ని దాదాపు పూర్తిగా కప్పేసిన ఒక సముద్రం. ఆ సముద్రానికి ప్రాణం ఉంది, బహుశా బుద్ధి కూడా ఉంది. గ్రహం మీద ఉన్న పరిశోధన కేంద్రానికి క్రిస్ కెల్విన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వస్తాడు. ఎప్పుడో ఆత్మహత్య చేసుకున్న హారీ, అతని మనిషి, ఒకరోజు నిద్ర లేచేసరికి ఎదురుగా కూర్చుని ఉంటుంది. అక్కడున్న మిగతా శాస్త్రజ్ఞులకీ ఇలాంటి 'అతిథులు' ఉన్నారు. వాళ్ళని సముద్రమే తయారుచేస్తోంది, మనుషుల జ్ఞాపకాల్లోంచి. ఎందుకో తెలియదు.

నవల అసలు బలం ఈ "తెలియదు"లో ఉంది. కేంద్రంలో ఒక గ్రంథాలయం ఉంటుంది. తరాల తరబడి శాస్త్రజ్ఞులు సముద్రం గురించి రాసిన సంపుటాలు, సిద్ధాంతాలు, వాటి మీద ఖండనలు. సముద్రం పైకి లేపే వింత ఆకారాలకి పేర్లు పెట్టారు, వర్గీకరించారు, కొలిచారు. ఒక్కటీ అర్థం కాలేదు. లెమ్ పేజీలకి పేజీలు ఈ శాస్త్రచరిత్ర రాస్తాడు. మొదటిసారి చదివినప్పుడు తిప్పేశాను, ఇప్పుడు అవే ఇష్టం.

మన వృత్తి వాళ్ళకి నచ్చే ఘట్టం ఇంకొకటుంది. తనకి పిచ్చి పట్టిందేమోనని కెల్విన్‌కి అనుమానం వస్తుంది. గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాన్ని కొన్ని అంకెలు అడిగి, వచ్చిన జవాబు చూడకుండా సొరుగులో పెట్టి తాళం వేస్తాడు. తర్వాత అదే లెక్క తను విడిగా చేసి, రెండూ పోల్చి చూస్తాడు. నాలుగు దశాంశ స్థానాల దాకా సరిపోతాయి. అంటే చూస్తున్నది భ్రమ కాదు. ఇంతకంటే శుభ్రమైన టెస్ట్ కేసు నేను ఆఫీసులో రాయలేదు.

1968లోనే సోవియట్ టెలివిజన్ ఈ నవలని రెండు భాగాలుగా తీసింది గానీ, ప్రపంచానికి తెలిసింది 1972లో వచ్చిన ఆంద్రే తార్కోవ్‌స్కీ సినిమా. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో దానికి ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. లెమ్‌కి మాత్రం అది నచ్చలేదు. మాస్కో వెళ్ళి వారాల తరబడి వాదించాడు. దర్శకుడు తీసింది తన పుస్తకం కాదు, 'నేరము శిక్ష' అని తర్వాత విసుక్కున్నాడు. విసుగులో న్యాయం ఉంది. నవల అంతరిక్షంలో మొదలవుతుంది. సినిమా పల్లెలో ఒక చెరువు పక్కన, కెల్విన్ తండ్రి ఇంట్లో మొదలై దాదాపు ముప్పావు గంట భూమ్మీదే ఉంటుంది. గ్రంథాలయం ఇక్కడా ఉంది, కానీ గోడల మీద బ్రూగెల్ చిత్రాలు, బల్ల మీద కొవ్వొత్తులు. లెమ్ గదిలో మనిషి చేతకానితనం కనిపిస్తే, తార్కోవ్‌స్కీ గదిలో మనిషి వదిలివచ్చిన ఇల్లు కనిపిస్తుంది.

ముగింపులు చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు మన్నించాలి. సినిమా చివర కెల్విన్ ఇంటికి తిరిగొస్తాడు. కిటికీలోంచి చూస్తే లోపల తండ్రి ఉంటాడు. వాన ఇంటి లోపల కురుస్తుంటుంది, ఆయన పట్టించుకోడు. కెమెరా పైకి లేచేసరికి ఆ ఇల్లూ, చెరువూ అన్నీ సముద్రం మధ్య ఒక చిన్న ద్వీపం.

మా నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. ఆ తర్వాత ఈ సినిమా మళ్ళీ చూశాను. ఆ వాన దగ్గర ఆపేసి అక్కకి ఫోన్ చేశాను. మాటల్లో హాల్లో గడియారం ఏ గోడకి ఉండేదన్న ప్రసక్తి వచ్చింది. నేను తూర్పు గోడకి అన్నాను. "నువ్వు అమెరికా వెళ్ళినప్పటి మాటరా అది. వంటగది వైపుకి మార్చి పదేళ్ళు దాటింది, నాన్నకి పడక్కుర్చీలోంచి కనపడాలని" అంది. మధ్యలో మూడుసార్లు వెళ్ళాను. చూడలేదు.

అందుకే 2002లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన సినిమాని చాలామందిలా నేను కొట్టిపారెయ్యలేను. జార్జ్ క్లూనీ కెల్విన్, నటాషా మెకెల్హోన్ భార్య. జేమ్స్ కామెరాన్ నిర్మాతల్లో ఒకడు. ఖర్చు కూడా తిరిగి రాలేదు. వంద నిమిషాలకి కుదించడంలో సముద్రం దాదాపు మాయమైపోయింది. పుస్తకానికి తను 'సొలారిస్' అని పేరు పెట్టాడే గానీ అంతరిక్షంలో ప్రేమ అని కాదని లెమ్ వెక్కిరించాడు. కానీ ఒక మాట ఈ సినిమాయే సూటిగా చెప్పింది. తను ఇలా చావు కోరుకునేదానిలా ఉండడానికి కారణం, అతను తనని అలాగే గుర్తుంచుకోవడమేనని ఆమె అంటుంది. ఎదుట ఉన్నది ఆమె కాదు, ఆమె గురించి అతనికి తెలిసినంత మేరకే. నవలలో ఈ సంగతి పరుచుకుని ఉంటుంది, తార్కోవ్‌స్కీలో కన్నీళ్ళ కింద ఉంటుంది. ఇక్కడ బయటపడింది.

చదవాలనుకునేవారికి ఒక సూచన. 1970లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం పోలిష్ నుంచి కాదు, ఫ్రెంచి అనువాదం నుంచి చేసింది. అందులో హారీ 'రేయా' అయింది. సోడర్‌బర్గ్ ఆ పేరే వాడుకున్నాడు. పోలిష్ నుంచి నేరుగా బిల్ జాన్‌స్టన్ చేసిన అనువాదం 2011లో ఆడియో పుస్తకంగా, తర్వాత ఈ-బుక్‌గా వచ్చింది. అది పట్టుకోండి.

ఆఖరి పేజీల్లో కెల్విన్ మొదటిసారి కేంద్రం దాటి సముద్రం ఒడ్డుకి వెళ్ళి చెయ్యి చాస్తాడు. అల పైకి వచ్చి చేతి చుట్టూ చుట్టుకుంటుంది, కానీ తాకదు. మధ్యలో సన్నని గాలి పొర వదిలి, చేతి ఆకారాన్ని పోతపోసినట్టు నిలుస్తుంది. కొన్నిసార్లయ్యాక విసుగొచ్చినట్టు వెనక్కి పోతుంది. ఈ ఘట్టం రెండు సినిమాల్లోనూ లేదు.