పూజలు సాగే గుడి, చదవవలసిన గోడ: పలివెల ఆలయ పరిరక్షణ

గౌతమీ, వశిష్ఠ పాయల నడుమనున్న కోనసీమలో, కొత్తపేట సమీపాన గల పలివెల గ్రామం ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయం వల్ల ప్రసిద్ధి చెందింది. ప్రసాదపు పూలదండలో కనిపించిన తలవెంట్రుక స్వామివారిదేనని ప్రభువు ఎదుట బొంకిన అర్చకుని కాపాడటానికి శివుడు లింగంపై కొప్పు దాల్చాడని స్థలకథ. ఈ కథ నోటి మాటగా నిలుస్తుంది. ఆలయంలోని శిలాశాసనాలకు ఆ వెసులుబాటు లేదు. రాతి ఉపరితలం చెడితే పాఠమే పోతుంది.

నిత్యపూజలున్న ఆలయానికి మరమ్మతు తప్పదు. భక్తులు లేని గుడి త్వరగా శిథిలమవుతుంది. కనుక భక్తుల శ్రద్ధను పరిరక్షణకు విరోధిగా భావించడం సరికాదు. చిక్కంతా మరమ్మతు పద్ధతిలో ఉంది. డెల్టా భూములలో భూగర్భజలం పైకే ఉంటుంది. తేమ పునాదుల నుండి గోడలలోకి ఎక్కుతుంది. సున్నపు అతుకు ఆ తేమను బయటికి వదులుతుంది. సిమెంటు, ఎనామిల్ రంగు దానిని లోపలే బంధిస్తాయి. అప్పుడు లవణాలు రాతిపొర కింద స్ఫటికాలై పొరను ఊడగొడతాయి. రంగు తొలగించడానికి ఇసుకను వేగంగా చిమ్మితే లోతులేని అక్షరాలు అరిగిపోతాయి.

పూజాస్థలమైన రక్షిత కట్టడాన్ని దాని స్వభావానికి విరుద్ధంగా వాడరాదని 1958 నాటి కేంద్ర చట్టం చెబుతుంది. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని 1964 నాటి వెనిస్ ప్రకటన సూత్రీకరించింది. ఇంగ్లండ్‌లో ఆరాధన జరుగుతున్న పారిష్ చర్చిలలో చేసే మార్పులకు డయోసిస్ అనుమతి అవసరం. అక్కడ కట్టడాన్ని వాడుకునే సమాజమే దాని సంరక్షణ బాధ్యతను కూడా వహిస్తుంది. మన రాష్ట్రంలో దేవాలయ నిర్వహణకు 1987 నాటి దేవాదాయ చట్టమూ, రక్షిత కట్టడాలకు 1960 నాటి చట్టమూ ఉన్నాయి. రక్షిత జాబితాకెక్కని ప్రాచీనాలయాలలో శాసనాల క్షేమం చాలావరకు మరమ్మతు చేయించేవారి ఎరుకపై ఆధారపడుతుంది.

ద్రాక్షారామ శాసనాలు 1923లో దక్షిణ భారత శాసనాల నాలుగవ సంపుటంలో అచ్చయినందున, అక్కడి రాయికి హాని కలిగినా పాఠం మిగులుతుంది. అయితే అచ్చుపాఠం మూలానికి ప్రత్యామ్నాయం కాదు. సందేహాస్పదమైన అక్షరాన్ని సరిచూడటానికి, లిపి పరిణామాన్ని గుర్తించడానికి రాయినే ఆశ్రయించాలి. ధ్వనిమార్పులను, విభక్తి రూపాలను కాలనిర్ణయంతో నిరూపించే ఆధారాలు శాసనాలే. అందుచేత ఇది పురావస్తు శాఖకు మాత్రమే చెందిన విషయం కాదు, తెలుగు శాఖలదీనూ.

మరమ్మతుకు ముందే ప్రతి శాసనానికీ అచ్చుప్రతి, ఛాయాచిత్రం తీయడం, స్థానాన్ని పటంలో గుర్తించడం, సున్నపు పనివారిని నియమించడం కనీస నియమాలు కావాలి. గోడపై ఏమున్నదో అర్చకులకు, గ్రామస్థులకు చదివి వినిపించడం మన వంతు. తమ ఊరి దాత పేరు ఆ రాతిపై ఉన్నదని తెలిసినవారు దానిపై రంగు పూయనివ్వరు.