బడ్జరిగార్ పిల్లల పెంపకం

బడ్జరిగార్ (శాస్త్రీయ నామం: మెలోప్సిట్టకస్ అండులేటస్) ఆస్ట్రేలియా ఖండపు పొడి మైదానాలకు చెందిన చిన్న చిలుక. పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, బరువు 30 నుండి 40 గ్రాములు. సహజమైన రంగు ఆకుపచ్చ; నీలం, తెలుపు, పసుపు రంగులు పెంపకందారులు అభివృద్ధి చేసినవి. 1805లో జార్జి షా దీనిని శాస్త్రీయంగా వర్ణించగా, 1840లో జాన్ గూల్డ్ బ్రతికి ఉన్న పక్షులను ఇంగ్లాండుకు తీసుకొని వెళ్ళాడు. నేడు ప్రపంచంలో ఎక్కువగా పెంచబడుతున్న పంజరపు పక్షులలో ఇది ఒకటి. దీని పిల్లల పోషణ గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు

ముద్దుగా దీనిని బడ్జీ అంటారు. అమెరికాలో పారాకీట్ అన్న మాట సామాన్యంగా ఈ పక్షినే సూచిస్తుంది. మన పట్టణాలలోని దుకాణాలలో వీటిని "లవ్ బర్డ్స్" అని అమ్మడం పరిపాటి. ఇది సరికాదు. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన అగపోర్నిస్ ప్రజాతి పక్షులు. మేత, పంజరం వివరాలను పుస్తకాలలో వెదికేవారు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

గూటిలో ఎదుగుదల

ఆడపక్షి సాధారణంగా 4 నుండి 6 తెల్లని గుడ్లను రోజు విడిచి రోజు పెడుతుంది. పొదగడం ఆడపక్షి పని. ఆ సమయంలో మగపక్షి దానికి మేత అందిస్తుంది. గుడ్డు సుమారు 18 రోజులకు పొదగబడుతుంది. గుడ్లన్నీ ఒకేరోజు పెట్టినవి కావు గనుక పిల్లలు కూడా ఒకేరోజు పుట్టవు. అయిదు గుడ్ల గూటిలో పెద్ద పిల్లకూ చిన్న పిల్లకూ దాదాపు ఎనిమిది రోజుల తేడా ఉండవచ్చును. కడసారి పుట్టినది అన్నల కాళ్ళ క్రింద నలిగి, మేత అందక చనిపోయే ప్రమాదం ఎక్కువ. అనుభవం గల పెంపకందారులు అటువంటి పిల్లను దాని ఈడు పిల్లలున్న వేరొక గూటిలోకి మారుస్తారు.

అప్పుడే పుట్టిన పిల్ల బరువు సుమారు 2 గ్రాములే. ఒంటిపై ఈకలుండవు, కళ్ళు తెరవవు. పది రోజుల లోపు కళ్ళు తెరుస్తుంది. రెండవ వారంలో ముళ్ళవలె ఈక మొలకలు కనిపిస్తాయి, నాలుగు వారాలకు ఒళ్ళంతా ఈకలతో నిండుతుంది. 30 నుండి 35 రోజులకు గూడు వీడి బయటకు వస్తుంది.

మన ప్రాంతంలో గూడుగా చిన్న మట్టికుండను, లేదా చెక్కపెట్టెను కడతారు. చెక్కపెట్టె అడుగు నున్నగా, చదునుగా ఉంటే పిల్లల కాళ్ళు పట్టు దొరకక ప్రక్కలకు చాచుకొని పోయి, అలాగే గట్టిపడి శాశ్వతమైన అవిటితనం కలుగుతుంది. అడుగు కొద్దిగా గుంటగా ఉండి, వడ్రంగి చిత్రిక పట్టగా వచ్చిన చెక్క తురుము పరిస్తే ఈ బాధ ఉండదు. ఈకలు లేని పిల్లలకు చీమలు ప్రాణాంతకం. పూర్వం పాల అలమర కాళ్ళ క్రింద నీళ్ళ గిన్నెలు పెట్టినట్లే పంజరపు కాళ్ళ క్రింద కూడా పెట్టవచ్చును.

తల్లిదండ్రుల నుండి వేరు చేయడం

గూడు వీడిన పిల్ల ఎగరగలిగినా తనంతట తాను తినలేదు. మరొక వారం, పది రోజుల పాటు ముఖ్యంగా తండ్రి నోటి మేతపైనే ఆధారపడి ఉంటుంది. ఆరు వారాలు నిండి, గింజ పొట్టు ఒలుచుకొని తినడం స్వయంగా చూచిన తరువాతనే దానిని వేరు చేయాలి. తల్లి మరల గుడ్లు పెట్టే తొందరలో ఉండి పిల్లలను పొడుస్తుంటే, తండ్రిని పిల్లలతో కలిపి వేరొక పంజరంలో ఉంచడం ఒక ఉపాయం.

"చిన్నప్పుడే తెచ్చి చేతితో మేపితేనే మచ్చిక అవుతుంది" అనే నమ్మకం వ్యాప్తిలో ఉన్నది. ఈ నమ్మకం వలన చనిపోయే పిల్లలు చాలా. తల్లిదండ్రుల దగ్గర పెరిగిన పిల్ల కూడా చక్కగా మచ్చిక అవుతుంది. రెండవ వారం దాటిన తరువాత రోజూ కొద్ది నిమిషాలు శుభ్రమైన చేతులతో పట్టుకొని మరల గూటిలో ఉంచితే చాలును.

కొనేవారు వయసును నుదుటిని బట్టి గుర్తించవచ్చును. లేత పక్షికి నల్లని చారలు ముక్కు వరకు దిగి ఉంటాయి, కళ్ళు పూర్తిగా నల్లగా ఉంటాయి. మూడు, నాలుగు నెలలకు మొదటిసారి ఈకలు రాల్చినపుడు నుదుటి చారలు పోతాయి. కంటిలో తెల్లని వలయం ఆపైన ఏర్పడుతుంది. తెల్లని, పసుపుపచ్చని ఎర్రకంటి రకాలకు ఈ గుర్తులు వర్తించవు.

చేతితో మేపడం

తల్లిదండ్రులు చనిపోయినా, మేత మానినా చేతితో మేపడం తప్పదు. పక్షిపిల్లల కొరకు తయారైన పొడిని కాచిన నీటితో జావగా కలిపి, అంచులు లోనికి వంచిన చెంచాతో ఇవ్వాలి. జావ వేడి 38 నుండి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. థర్మామీటరుతో చూడడమే సరియైన పద్ధతి. అంతకన్న వేడిగా ఉంటే మెడ క్రింది మేత సంచి (క్రాప్) కాలుతుంది, చల్లగా ఉంటే మేత అందులోనే నిలిచి పులుస్తుంది. ఆ సంచి పలుచని చర్మం గుండా కనిపిస్తుంది గనుక అది ఖాళీ అయినదీ లేనిదీ చూచి మరల మేపాలి. తొందరపడి పోస్తే జావ ఊపిరితిత్తులలోకి పోతుంది. ఆవుపాలలోని చక్కెరను పక్షులు జీర్ణం చేసుకోలేవు. పాలలో తడిపిన రొట్టె పెట్టడం మంచిది కాదు. ఈకలు లేని పిల్లకు వెచ్చదనం కూడా మేతతో సమానమే: పుట్టిన కొత్తలో సుమారు 36 డిగ్రీలు, తరువాత క్రమంగా తక్కువ.

వేరు పడిన పిల్ల మేత

చిరుధాన్యాలు ప్రధానమైన ఆహారం. మన కొర్రలు, వరిగలు, సామలు ఇందుకు సరిపోతాయి. మొదటి రోజులలో కొర్ర కంకిని పంజరం నేలపైన వేస్తే పిల్ల త్వరగా నేర్చుకుంటుంది. బడ్జీ గింజను ఒలిచి పొట్టును గిన్నెలోనే వదలుతుంది. పైకి గిన్నె నిండుగా కనిపిస్తుంది, లోపల గింజ ఉండదు. రోజూ పొట్టును ఊదివేయకపోతే మేత ఎదుటనే పక్షి పస్తు ఉంటుంది. కొత్తిమీర, తోటకూర, మునగాకు కడిగి ఇవ్వవచ్చును. సున్నం కొరకు కటిల్ బోన్ (సముద్రపు నురుగు) ముక్కను కట్టాలి. అవకాడో, చాకొలేట్ విషతుల్యాలు. నాన్‌స్టిక్ పెనం అతిగా కాలినపుడు వచ్చే వాయువు పక్షులను నిమిషాలలో చంపగలదు గనుక పంజరాన్ని వంటింటిలో ఉంచరాదు.

ఆరోగ్యం

ఈకలు ఉబ్బించుకొని నేలపైన కూర్చొన్న పిల్లను వెంటనే పశువైద్యునికి చూపించాలి. క్లమీడియా సిట్టసీ అనే బాక్టీరియా వలన కలిగే సిట్టకోసిస్ మనుషులకు కూడా సోకి న్యుమోనియాను కలిగిస్తుంది. డాక్సీసైక్లిన్ వంటి మందులతో నయమవుతుంది. ఎండిన రెట్టను పొడిగా ఊడ్వక, తడిపి తుడవాలి. పక్షిని పెంచేవారు జ్వరం, దగ్గు వచ్చినపుడు ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

రామచిలుక పిల్లలు

బడ్జీ విదేశీ పక్షి గనుక ఇంటిలో పెంచడం భారతదేశంలో నేరం కాదు. రామచిలుక విషయం వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. అయినను చెట్ల తొర్రల నుండి పిల్లలను తీసి అమ్మేవారు ఉన్నారు. తొర్ర నుండి జారిపడిన పిల్ల కనిపిస్తే, గాయం లేకపోతే తిరిగి తొర్రలో ఉంచవచ్చును. మనిషి తాకినంత మాత్రాన తల్లి దానిని విడిచిపెట్టదు. తొర్ర అందకపోయినా, పిల్లకు గాయమైనా అటవీశాఖ వారికి అప్పగించాలి.