గుర్బచన్ సింగ్ సలారియా: కాంగోలో ఆగిపోయిన 26 ఏళ్ల జీవితం

పరమవీర చక్ర అనగానే మనకి కశ్మీర్, కార్గిల్, సియాచిన్ గుర్తొస్తాయి. కానీ ఒక పరమవీర చక్ర ఆఫ్రికాలో జరిగిన పోరాటానికి వచ్చింది. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేస్తూ ఆ పతకం పొందిన ఒకే ఒక్క భారతీయుడు కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా. ఈ ఎపిసోడ్ ఆయన గురించే.

ముందు, మనవాళ్లు అక్కడికి ఎందుకు వెళ్లారో చూద్దాం. 1960 జూన్ 30న బెల్జియం నుంచి కాంగోకి స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలు కూడా తిరక్కుండానే, జూలై 11న, కటంగా రాష్ట్రం "మేం విడిపోతున్నాం" అని ప్రకటించింది. నాయకుడు మోయిస్ షోంబే. అసలు సంగతి ఏంటంటే, అక్కడ రాగి, కోబాల్ట్, యురేనియం గనులున్నాయి. షోంబే వెనక బెల్జియం గనుల కంపెనీ డబ్బు, విదేశీ కిరాయి సైనికులు ఉన్నారు. కాంగో ముక్కలవకుండా చూడ్డానికి వెళ్లిన ఐక్యరాజ్యసమితి సేనలో 1961లో మన బ్రిగేడ్ కూడా చేరింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సలారియా 1935లో పుట్టిన ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. విభజనప్పుడు ఆయనకి 11 ఏళ్లు. కుటుంబం గురుదాస్‌పూర్ వైపు వచ్చేసింది. అంటే దేశం చీలితే మామూలు మనుషులకి ఏమవుతుందో చిన్నప్పుడే చూసిన కుర్రాడు, ఇంకో దేశం చీలకుండా ఆపడానికి వెళ్లాడన్నమాట.

1961 డిసెంబర్ 5. ఎలిజబెత్‌విల్ నగరం, ఇప్పటి లుబుంబాషి. ఒక ముఖ్యమైన కూడలిని కటంగా సేనలు మూసేశాయి. గూర్ఖా రైఫిల్స్ కంపెనీ ఎదురుగా దాడి చేయాలి. సలారియా చిన్న దళంతో విమానాశ్రయం వైపు నుంచి వచ్చి శత్రువు తప్పించుకునే దారి మూయాలి. మధ్యాహ్నం 1 గంట దాటాక, కూడలికి ఇంకా 1,500 గజాల దూరంలో ఉండగానే, కుడి పక్కన పొంచి ఉన్నవాళ్లు కాల్పులు మొదలుపెట్టారు. వాళ్లు సుమారు 90 మంది, పైగా రెండు సాయుధ కార్లు. ఈయన దగ్గర ఉన్నది 16 మంది.

ఆగిపోవచ్చు కదా? కానీ ఆ 90 మంది కూడలికి చేరితే, అక్కడ పోరాడుతున్న తన బెటాలియన్ ఇరుక్కుపోతుంది. అందుకే రాకెట్ లాంచర్ అండతో, బాయ్‌నెట్లు, కుక్రీలు, గ్రెనేడ్లతో మీదకి దూకారు. 40 మంది హతమయ్యారు, రెండు కార్లూ ధ్వంసమయ్యాయి, మిగతావాళ్లు పారిపోయారు. సలారియా మెడకి తూటాలు తగిలినా, రక్తం పోయి కుప్పకూలేదాకా పోరాడాడు. 26 ఏళ్లు నిండి అప్పటికి ఆరు రోజులే.

తర్వాత రెండు వారాల్లో గోవా విముక్తి, మరుసటి ఏడాది చైనా యుద్ధం. కాంగో మన జ్ఞాపకాల్లోంచి జారిపోయింది. 2023లో అండమాన్‌లో ఒక దీవికి ఆయన పేరు పెట్టారు.

"మన దేశం కోసం కాదు కదా" అని కొందరు అంటారు. నిజమే. కానీ ఆ మధ్యాహ్నం ఆయన కాపాడింది కూడలి దగ్గరున్న తోటి సైనికుల్ని. 1963 జనవరిలో కటంగా వేర్పాటు ముగిసింది, కాంగో ఒక్కటిగా నిలిచింది. ఆ ఫలితంలో మన కుర్రాడి ప్రాణం కూడా ఉంది. ఈ సంగతి మీ ఇంట్లో పిల్లలకి ఒక్కసారి చెప్పండి.