బయానా ఇయ్యకముందు

కోహీరు దిక్కుకెల్లి చలిగాలి కొడుతుంది, ఇంకో రెండు కందికట్టెలు ఎగదొయ్యి బిడ్డా. ఫంక్షన్ హాలు కిరాయ ఇన్నంక మీ నాయన మొఖం చిన్నబోయింది, నేను జూసిన. మా కాలంల లగ్గాలు ఎట్ల ఎల్లేదో చెప్త, అండ్లకెల్లి నీకు పనికొచ్చేది ఏరుకో.

నేను పుట్టింది బీదరు కాడ. 1956 నవంబరు దాక జహీరాబాదు తాలూకా గూడ బీదరు జిల్లాలనే ఉండె. తర్వాత జహీరాబాదు మెదకు జిల్లాల కలిసింది, బీదరు మైసూరు రాష్ట్రంల కలిసింది. మన చిరాగ్‌పల్లి కాడ గెట్టు పడ్డది గని వియ్యాలు ఆగలె. నా లగ్గం 1964ల అయింది. గప్పుడు మా దాంట్ల లగ్గం పిలగాని ఇంటికాడనే చేసేది. కచ్చురం కట్టి నన్ను ఈ ఊరికి తోలుకొచ్చిండ్రు.

ఇంటి ముంగట గుంజలు పాతి, మీద నేరేడు కొమ్మలు కప్పి, మామిడి తోరణాలు కట్టిండ్రు. మోదుగాకు విస్తర్లను వాడకట్టు ఆడోళ్లు ముచ్చట్లు పెట్టుకుంట ముందుగాలనే కుట్టి, ఎండబెట్టి, కట్టలు కట్టి పెట్టిండ్రు. పసుపు ఇంట్లనే దంచినం. డప్పులతోని కుమ్మరింటికి పోయి ఐరేని కుండలు తెస్తుంటె ఊరంత గడపల్ల నిలబడి జూసింది. ఆ కుండల మీద సున్నంతోని, జాజుతోని గీసిన గీతలు నాకింక కండ్లల్ల ఉన్నయి.

తిండి సంగతి ఇను. మనది జొన్నరొట్టె తినే ఊరు. తెల్లబువ్వ అంటె పండుగకో లగ్గానికో దొరికేది. పప్పు, పచ్చిపులుసు, చెరుకు బెల్లంతోని పోలెలు, గంతే. మా తల్లిగారి దిక్కు గోధుమ హుగ్గి లేంది లగ్గమే కాదంటరు, అందుకని అదొక్కటి వియ్యంపోళ్ల కోసం ఉడికిచ్చిండ్రు.

బంగారమా? చైనా లడాయి అయినంక 1963 జనవరిల సర్కారు కట్టడి పెట్టింది, కొత్త నగలు 14 క్యారెట్లకు మించి చెయ్యొద్దని. మా అమ్మ తన మెడల గుండ్లే తీసి నా మెడల ఏసింది. పుస్తెలు, మట్టెలు ఎట్లా తప్పయి. నేను బోసిగ ఉన్ననని ఎవ్వలు అనలె.

తెల్లారి పందిట్ల కట్నాలు చదివిండ్రు. ఒకలు రూపాయి, ఒకలు కుంచెడు జొన్నలు, ఒకలు రైకగుడ్డ. మీ ముత్తాత అన్ని పుస్తకంల రాయిచ్చిండు. వాళ్లింట్ల లగ్గమైతె ఆ పద్దు జూసి ఒక రూపాయి ఎక్కువనే పెట్టాలె. ఊరంత కలిసి నడిపిన చిట్టీ అనుకో.

అట్లని ఆ కాలమంత బంగారం అనకు. మా అత్త చెప్పేది: నైజాం జమానల దొరలింట్ల లగ్గమైతె చాకలోళ్లు, మంగలోళ్లు, కుమ్మరోళ్లు, డప్పు కొట్టేటోళ్లు అందరు వెట్టికి పోవాలె. కుండలు ఊకెనే, విస్తర్లు ఊకెనే, డప్పు ఊకెనే. ఇంట్ల పిల్లగాండ్లు ఆకలైతుందని ఏడుస్తుంటె దొర పందిట్ల పని. ఖర్చు లేని అందం అంటె ఒకల కూలి ఎగ్గొట్టుడు గావద్దు. బువ్వల రకాలు తగ్గియ్యి, పూలు తగ్గియ్యి, సన్నాయి ఊదేటోళ్ల పైసలు మాత్రం తగ్గియ్యకు.

నీ లగ్గం మాఘంల అంటుండ్రు గద. గప్పటికి మన దిక్కు ఆలుగడ్డ తవ్వుతుంటరు, చెరుకు గానుగ తిరుగుతుంటది, బంతిపూలు చేన్లనే దొరుకుతయి. పట్నంకెల్లి తెప్పిచ్చుడు ఎందుకు? పస్తాపూర్ల డీడీఎస్ అనే సంస్థ సంఘాల ఆడోళ్లు సామలు, కొర్రలు ఇడిసిపెట్టకుండ పండిస్తుండ్రు. సామల పాయసం వండిపియ్యి, వియ్యంపోళ్లు చేతులు నాక్కుంట తింటరు. రకాలు ఇరవై పెడితె సగం విస్తర్లనే మిగిలిపోతది, ఐదు పెట్టి కడుపునిండ వడ్డియ్యి.

ఆడపిల్ల లగ్గానికి సర్కారు ఇచ్చే కళ్యాణలక్ష్మి 2014 అక్టోబరుల 51,000 రూపాయలతోని మొదలైంది, 2018ల 1,00,116 అయింది. పిల్లకు 18 ఏండ్లు నిండాలె, చెక్కు తల్లి పేరు మీద వస్తది. మంచిదే. నాకు 18 నిండకముందే మెడల పుస్తె పడ్డది, నీకు గా బాధ లేదు. గని ఆ చెక్కును చూపెట్టి షావుకారు కాడ అప్పు తేవద్దని మీ నాయనకు చెప్పు. అది చేతికి వచ్చేదాక లెక్కల పట్టేది గాదు.

ఇంకొకటి. వరకట్నం వద్దని చట్టం 1961లనే వచ్చింది, నా లగ్గానికంటె ముందు. పిలగానోళ్లు బండి అన్నరో, తులాలు అన్నరో అనుకో, ఖర్చు తగ్గియ్యాల్నంటె మొట్టమొదలు కొట్టెయ్యాల్సిన పద్దు గదే. అది ఉంచుకొని పూలకాడ, పప్పుకాడ పిసినారితనం జేస్తె ఏం ఫాయిదా?

రేపు పొద్దుగాల ఒక కాయితం తీసుకో. పిల్చేటోళ్ల పేర్లు రాయి, ఎవ్వలకు ఏ పని వస్తదో పక్కన రాయి. పెద్దక్క పోలెలు చేస్తది, మీ మేనత్త కొడుకు పందిరి ఏస్తడు, పక్కింటి ఖాలా మెహందీ పెడతది. ఎవ్వలకు కూలి ఇయ్యాల్నో, ఎవ్వలకు చీర పెట్టాల్నో అది గూడ రాయి. హాలుకు బయానా అటెనుక. ఆ కాయితం నిండినంక గూడ నీకు హాలే కావాల్నంటె, మీ నాయనను నేనే ఒప్పిస్త.