మాదిగపల్లెలో ధ్యానం: యర్రగుంట్ల పేరయ్య చరిత్ర అడిగే ప్రశ్న

క్రైస్తవ మార్మికులు అనగానే మన సెమినరీల్లో వినబడే పేర్లు కొన్ని ఉన్నాయి. ఎకార్ట్, అవిలా తెరెసా, సిలువ యోహాను. మన దేశం మాటకొస్తే 1950లో తమిళ నేలమీద, కావేరి ఒడ్డున శాంతివనం ఆశ్రమం పెట్టిన ఫ్రెంచి గురువులు మోన్షానె, అభిషిక్తానంద. 1968లో అక్కడికొచ్చిన ఆంగ్లేయుడు బీడ్ గ్రిఫిత్స్. వీళ్ళు కాషాయం కట్టి, ఉపనిషత్తులు చదివి, మౌనంలో దేవుణ్ణి వెతికారు. వాళ్ళ నిజాయితీని మేము శంకించడం లేదు. అయితే భారతీయ ధ్యానమంటే వేదాంతమేనని తేల్చిందెవరు?

శాంతివనానికి ఎనభై ఏళ్ళకు పైగా ముందే ఒంగోలుకు పడమట ఒక మాదిగపల్లెలో యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ళ పని చేసే కులంలో పుట్టినవాడు. గురువు దగ్గర రాజయోగం నేర్చాడు. శ్వాస నిలిపి, కళ్ళు మూసి, లోపలికి చూడటం సాధన చేశాడు. ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరిందీ ఆ ఏడే. పేరయ్య మాట విని మొదట కదిలింది అతన్ని ఎరిగిన మాదిగ జనమే. తొలినాటి బోధకుల్లో ఇంకా కొందరు ఇట్లాంటి గురువుల దారుల్లో నడిచి వచ్చినవాళ్ళే.

ఈ సంగతులు మనకు దక్కింది క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చేసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' పుస్తకం వల్ల. ఆమె మాదిగల నోట విని రాసింది. కానీ రాసిన చెయ్యి ఆమెది, చూసిన చూపు మిషన్ది. యోగం ఆమెకు క్రీస్తు దగ్గరికి చేర్చిన మెట్టు మాత్రమే. పేరయ్యకూ అంతేనా? బాప్తిస్మం తర్వాత ప్రార్థనలో మోకరించినప్పుడు ఆ పాత మౌనం అతన్ని విడిచి పోయిందా? పేరయ్య సొంతంగా రాసింది మన చేతిలో లేదు.

ఆ మౌనాన్ని కప్పేసింది ఒక అంకె. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మిషన్ దాన్ని విజయంగా చాటుకుంది. గిట్టనివాళ్ళు 'పొట్టకూటి క్రైస్తవులు' అన్నారు. కరువు పని నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపి ఉంచిన సంగతి వాళ్ళు పట్టించుకోలేదు. రెండు పక్షాలూ మనల్ని లెక్కపెట్టాయే గానీ, లోపల ఏం జరిగిందని అడగలేదు. ఆకలి నిజమే, దాన్ని మేము దాచం. ఆకలైనవాడికి ఆత్మ వెతుకులాట ఉండదనే మాటే అబద్ధం.

1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ దళిత దైవశాస్త్రం అవసరాన్ని ముందుకు తెచ్చాడు. అది మన బాధను కేంద్రంలో పెట్టింది. మన ధ్యానాన్ని కూడా అక్కడే పెట్టాలని మా వాదన. ఇవాళ ధ్యానం రుసుం కట్టి కొండల మీదికి పోయే విడిది అయింది. మా ఇండ్లల్లోనేమో కోడి కూయకముందే లేచి, కూలికి పోయేలోపు గోడకానుకుని కళ్ళు మూసుకునే అమ్మలున్నారు. ఆ అలవాటు పేరయ్య నుంచే వచ్చిందని మేము అనడం లేదు. దానికి రుజువు లేదు. ఆ అమ్మల్ని కూర్చోబెట్టి అడగాలంటున్నాం. వాళ్ళు ఉండగానే అడగాలి.