కుండల్‌వాడి ఇల్లు, బొంబాయి ఖోలీ

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్న పెద్దలు ఆ యిల్లు ఏ ఊళ్ళో కట్టవలెనో మాత్రం చెప్పలేదు. పుట్టిన ఊళ్ళోనే బ్రతుకు వెళ్ళిపోయే రోజులలో ఆ ప్రశ్నకు తావే లేదు. పొట్ట చేత బట్టుకొని పరాయి పట్నం చేరిన మనవంటివారికి అదే పెద్ద చిక్కు అయినది. ఏటా ఉగాదికి మన సంఘంలో నలుగురు కూడినప్పుడు, పిల్లల చదువుల మాట అయిన తరువాత వచ్చే మాట యిదే: కిరాయి ఇంటిలోనే కాలం వెళ్ళబుచ్చడమా, సొంత ఇల్లు కట్టుకొనడమా? కోస్తా సోదరులు అద్దె అంటారు, మా వైపు కిరాయి. భారం మాత్రం ఒక్కటే. ఈ ప్రశ్నకు మన ముందు తరాలవారు ఏ జవాబు చెప్పుకొన్నారో, ఎందుకు అట్లా చెప్పుకొన్నారో, మా కుండల్‌వాడి వారి వైపు నుండి కొంత వ్రాయబూనినాము.

కుండల్‌వాడి నాందేడు జిల్లా బిలోలి తాలూకాలోని చిన్న పట్నం. 1948 వరకు నిజాం ఏలుబడి, ఆపైన 1956 వరకు హైదరాబాదు రాష్ట్రం. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడుతూ పెరిగినవారం మేము. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు మా జిల్లాలోనివే అయిన ముధోల్, భైంసా, కుబీరు సర్కిళ్ళు, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినవి. మేము బొంబాయి రాష్ట్రంలో పడినాము. 1960 మే 1 నుండి అది మహారాష్ట్ర అయినది. ఇండ్లు ఉన్నచోటనే ఉండగా నాలుగేండ్లలో మూడు రాష్ట్రాల పేర్లు మాకు తగిలినవి.

ఆ ఇండ్లను గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. లావాటి మట్టిగోడలు, టేకు దూలాలు, వాటిపై పలకలు, పలకలపై మందంగా పరచిన మన్ను, అదే మిద్దె. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. అయితే ప్రతి సంవత్సరం మృగశిర కార్తె రాకముందే పైకి మన్ను ఎక్కించి దిమ్మిస చేయవలెను. ఒక్క ఏడు మరచితే వాన చినుకు లోపలికి దిగుతుంది, మూడేండ్లు మరచితే దూలం పుచ్చుతుంది. కనుక మిద్దె ఇల్లు ఉన్నదంటే దానిని కనిపెట్టుకొని ఒక మనిషి ఉండవలెనన్న మాట. ఆ మనిషి సాధారణంగా ఇంటి ఆడకూతురే.

1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుండి మన్మాడుకు రైలుమార్గం పడినప్పుడు అది ధర్మాబాదు మీదుగా పోయినది. మన్మాడులో బండి మారితే బొంబాయి. అంతకు ఎంతో ముందే మన పాలమూరు, తెలంగాణ ప్రాంతాల కూలీలు బొంబాయి చేరి కట్టడాలు కట్టినారు. కామాఠీపురా అన్న పేరే ఆ కామాఠీల వలన వచ్చినది. పట్నానికి ఇండ్లు కట్టినవారికి పట్నంలో ఇల్లు లేకపోవుట కొత్త సంగతి కాదు. 1896లో ప్లేగు వచ్చిన మీదట, 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడి ఇరుకు వాడలను కూల్చసాగినది. కూల్చినన్ని గదులు మళ్ళీ కట్టలేదు. 1920 తరువాత ప్రభుత్వం వర్లీ, నాయిగాఁవ్, డిలైల్ రోడ్డు, శివడీలలో 207 బీడీడీ చాల్ భవనాలు కట్టించినది. ఒక్కొక్క ఖోలీ 160 చదరపు అడుగులు. పగలు పాళీ వారు పనికి పోగా రాత్రి పాళీ వారు అదే చాపపై పడుకొనెడివారు. వర్లీ, లోయర్ పరేల్ మిల్లులలో పనిచేసిన మన పద్మశాలీల బ్రతుకులు ఎన్నో యిట్లా గడిచినవి.

ఇక చట్టాల మాట. యుద్ధకాలంలో కిరాయిలు మండిపోకుండా 1939లో ఒక చట్టం, దాని తరువాత 1947లో బొంబాయి కిరాయిల నియంత్రణ చట్టం వచ్చినవి. 1940 సెప్టెంబరు 1న ఏ కిరాయి ఉన్నదో అదే న్యాయమైన కిరాయి అని ఆ రెండవ చట్టం కట్టడి చేసినది. ప్రైవేటు చాల్‌లలో ఉన్న మనవారికి యిది పెద్ద వరం. యజమాని నష్టాన్ని పగడీ రూపంలో రాబట్టుకొన్నాడు. కొత్తగా చేరేవాడు గుట్టుగా పెద్ద మొత్తం ముట్టజెప్పేవాడు, దానికి రసీదు ఉండేది కాదు. ఒకసారి పగడీ ఇచ్చినవాడు ఆ ఖోలీని సొంత ఇల్లువలెనే భావించేవాడు.

ఆ చట్టంలోనే మరికొన్ని పద్దులున్నవి. సరైన కారణం లేకుండా ఆరు నెలలు ఖోలీని వాడకుండా ఉంచితే ఖాళీ చేయించవచ్చును. కిరాయిదారు చనిపోతే మొదటి హక్కు అతనితో కలిసి నివసించుచున్న కుటుంబ సభ్యులది. అన్నిటికంటే ముఖ్యం, కిరాయిదారు తనకు అనుకూలమైన మరొక నివాసం కట్టుకొన్నా, సంపాదించుకొన్నా యజమాని అతనిని ఖాళీ చేయించమని కోర్టుకెక్కవచ్చును. ఈ చివరి పద్దు మన కథకు కీలకమని మా అభిప్రాయం. బొంబాయిలోనే ఇల్లు కడితే చవక ఖోలీ చేజారే ప్రమాదమున్నది. మిల్లుకు వందల మైళ్ళ దూరాన కుండల్‌వాడిలో కడితే అది అనుకూలమైన నివాసమని వాదించుట యజమానికి కష్టం. అందుచేత మిగిల్చిన నాలుగు డబ్బులూ ఊరికే పోయినవి. మిద్దె తీసి స్లాబు వేసినవారున్నారు, పక్కన మరో రెండు గదులు పెంచినవారున్నారు. పెద్దలు మమకారం కొద్దీ ఊళ్ళో కట్టినారని మనం అనుకొంటాము. మమకారం ఉన్నమాట నిజమే, లెక్క కూడా ఉన్నది.

లెక్కలో చేరనిది ఒకటున్నది. ఊరి ఇంటిని కనిపెట్టుకొని భార్యాపిల్లలు అక్కడే ఉండిపోయినారు. ఖోలీలో తోడున్నవారికి మొదటి హక్కు గదా. తోడున్నది తమ్ముడో, మేనల్లుడో అయినాడు. ఏండ్ల తరబడి మిద్దెపైకి మన్ను మోసిన ఇల్లాలి పేరు బొంబాయి కిరాయి రసీదు మీద లేదు, కుండల్‌వాడి ఇంటిపన్ను రసీదు మీద కూడా లేదు. మా వైపు కుటుంబాలలో యీ సంగతిపై జరిగిన తగాదాలు యిక్కడ వ్రాయతగినవి కావు, అందరికీ తెలిసినవే.

1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలైనది. అటు తరువాత ఎందరో తిరుగుముఖం పట్టినారు. చిక్కి సగమైనా ఖోలీ వదలనివారు మిగిలినారు. ఈలోగా కిరాయి పెరగనందున యజమానులు మరమ్మతు మానివేసి, చాల్‌లు శిథిలమైనవి. 1969లోనే వీటి మరమ్మతుకు ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టవలసి వచ్చినది. 1940 నాటి కిరాయికే కట్టివేయుట యిక న్యాయం కాదని 1997లో సుప్రీంకోర్టు అన్నది. 2000 మార్చి 31 నుండి కొత్త చట్టం అమలులోకి వచ్చి, ఏటా నూటికి నాలుగు చొప్పున కిరాయి పెంచుటకు వీలు కల్పించినది. పగడీకి కూడా గుర్తింపు వచ్చినది. ప్రభుత్వ చాల్‌ల కథ వేరు: 2025 ఆగస్టులో వర్లీ బీడీడీలో 556 కుటుంబాలకు 160 అడుగుల ఖోలీకి బదులుగా 500 చదరపు అడుగుల సొంత ఇండ్ల తాళపుచెవులు అందినవి. ఇల్లు కట్టనివాడికి ఇల్లు దక్కినది! అందరికీ యిట్లా జరుగదు. వదలక అంటిపెట్టుకొన్నవారికి దక్కినది.

సోలాపూరు మనవారు మరొక దారి పట్టినారు. తెలంగాణ నుండి మగ్గాలతో వెళ్ళిన పద్మశాలీలు అక్కడే ఆడవాండ్లతో సహా స్థిరపడినారు. మగవారు మగ్గం, ఆడవారు బీడీలు. కిరాయి గదులలో మగ్గుతున్న ఆ బీడీ కార్మికురాండ్రు సంఘంగా ఏర్పడి, శాసనసభ్యులుగా ఉండిన నర్సయ్య ఆడం గారి నాయకత్వాన ఊరి బయట కుంభారి వద్ద కాలనీ కట్టించుకొన్నారు. తమ వాటా కొంత, కేంద్రం కొంత, రాష్ట్రం కొంత. వర్లీ ఆదివాసుల ఉద్యమ నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టుకొన్న ఆ కాలనీలో పదివేల ఇండ్లు 2006లో ప్రధాని మన్మోహన్ సింగు చేతుల మీదుగా ప్రారంభమైనవి. తరువాత రాయ్‌నగర్‌లో 30,000 ఇండ్లకు 2019 జనవరిలో శంకుస్థాపన జరిగినది. వానిలో 15,000 ఇండ్లు 2024 జనవరి 19న అప్పగించినారు. ఊరికి దూరమన్న ఫిర్యాదు లేకపోలేదు. ఇల్లు కట్టినది మాత్రం పని ఉన్న చోట, బీడీ చుట్టిన చేతుల పేరు మీద.

మా కుండల్‌వాడి వారిలో పలువురి ఎదుట యిప్పుడున్న ప్రశ్న మరింత సూటియైనది: పట్నపు ఇంటికి కంతు కట్టుటకై ఊరి ఇల్లు అమ్మవలెనా? పిల్లలు అమ్మమంటున్నారు. అడుగుటకు వారికి హక్కున్నది. వారు ఆ ఇంటిలో ఒక్క వానాకాలం కూడా గడపలేదు. పోయిన ఉగాదికి మా వారొకరు వెళ్ళి, తాళం తీసి, గుమ్మానికి మామిడాకులు కట్టి, పక్కింటివారికి పచ్చడి పంచి వచ్చినారు. మిద్దెకు మాత్రం మన్ను ఎక్కించలేదు. ఎక్కించేవారు దొరకలేదని చెప్పినారు.